ఓర్తిసేయి నుంచి ఉత్తరం

అమ్మా,

మీరంతా కులాసా అని తలుస్తాను. ఇక్కడ ఏ భాష మాట్లాడతారని అడిగిన ప్రతిసారీ ఇటాలియన్ అని చెప్పి తప్పించుకుంటున్నాను. అది ఫోన్లో తేలే సంగతి కాదు.

ఊరి మొదట్లో ఉన్న బోర్డు మీద మూడు పేర్లుంటాయి. ఇటాలియన్‌లో ఓర్తిసేయి, జర్మన్‌లో సాంక్ట్ ఉల్రిచ్, ఇక్కడి స్థానిక భాష లదీన్‌లో ఉర్తిజేయ్. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ ప్రాంతం ఆస్ట్రియాది. 1919 ఒప్పందంతో ఇటలీకి వచ్చింది. లదీన్ మాత్రం ఈ రెండు దేశాల గొడవకు ఎంతో ముందే, లాటిన్ నుంచి పుట్టి ఈ లోయల్లో నిలిచిపోయింది. మా ఊరున్న ఈ ప్రాంతం, సౌత్ టిరోల్ మొత్తంలో లదీన్ వాళ్లు నూటికి నలుగురైదుగురే. మా ఊళ్లో మాత్రం వాళ్లే ఎక్కువ.

బతకడానికి ఇబ్బందేం లేదు. నా కష్టమల్లా వీళ్ల మర్యాదతోనే! బేకరీలో ఇద్దరు లదీన్‌లో మాట్లాడుకుంటూ ఉంటారా, నేను అడుగు పెట్టగానే ఇటాలియన్‌లోకి మారిపోతారు. నాకు ఇబ్బంది కాకూడదనే. కానీ ఇలాగైతే వాళ్ల భాష నా చెవిన పడేదెప్పుడు? ఇటాలియన్‌తో పనులన్నీ అయిపోతాయి, ఊరి కబుర్లు మాత్రం అందవు. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి ఒంట్లో బాగాలేదు, అవన్నీ లదీన్‌లోనే నడుస్తాయి.

అందుకే పంతం పట్టాను. వాళ్లు ఇటాలియన్‌లో అడిగినా వచ్చినంతలో లదీన్‌లోనే జవాబిస్తున్నాను. పక్కింటావిడ మొదట్లో నవ్వేది, ఇప్పుడు నా కోసం విడమరిచి మాట్లాడుతోంది. పక్క లోయ వాళ్ల లదీన్ వేరేగా ఉంటుందట, అది మాత్రం నేర్చుకోవద్దని గట్టిగా చెప్పింది.

ప్రభుత్వ ఉద్యోగానికైతే ఇటాలియన్, జర్మన్ రెండూ వచ్చని పరీక్ష పాసవ్వాలి. ఈ లోయల్లో లదీన్ కూడా. మనకెందుకంటారు ఈయన. నాకు రాయాలనే ఉంది, ఇప్పుడే కాదులే.

బాబు గురించి టెన్షన్ పడకు. బడిలో సగం పాఠాలు ఇటాలియన్‌లో, సగం జర్మన్‌లో చెబుతారు. లదీన్‌కు వారానికి రెండు గంటలే. ఏ టీచరుతో ఏ భాషో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగే, కాకపోతే అలిగినప్పుడు నాకు అర్థం కాకూడదని జర్మన్‌లో సణుగుతాడు.

జూన్ మధ్యలో సెలవులిస్తారు, అప్పుడు నాన్నా నువ్వూ రండి. భాష రాదని వెనకాడకు, మనవడే నీకు దుబాసీ. కాకపోతే తనకు నచ్చని మాటలు మింగేస్తాడు, అందుకని ముఖ్యమైనవి నన్నే అడుగు.

నాన్నకు నమస్కారాలు.

నీ చిన్నమ్మాయి