ఎడ్లు బెదురుతయి సార్, భయభ్రాంతులకు గురికావు

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ జిల్లా పేజీల ఒక వార్త చదివిన, బారాత్‌ల డీజే సౌండ్‌కు బండెడ్లు 'భయభ్రాంతులకు గురై' పరుగు తీసినయని రాసిండ్రు. భ్రాంతి అంటే లేనిది ఉన్నట్టు అనుకునుడు కదా సార్, మరి ఎడ్లకు ఏం భ్రాంతి కలిగిందో మీ రిపోర్టర్‌నే అడగాలె. మా దిక్కు ఎవ్వల్నడిగినా ఒక్కటే మాట అంటరు, ఎడ్లు బెదిరినయి. అంతే.

భయపడుడు వేరు, బెదురుడు వేరు. భయం లోపట ఉంటది, కూసోని గూడ భయపడొచ్చు. బెదురు పెయ్యిల కనబడ్తది, చెవులు నిక్కపొడుసుకుంటయి, మెడ పక్కకు కొడ్తది, ఏందో తెలిసేలోపే కాళ్లు వెనుకకు పడ్తయి. పశువుల అంగడిల ఎద్దును బేరం చేసేటోళ్లను చూడుండ్రి, పండ్లు చూసినంక భుజం మీది తువ్వాల తీసి దాని కండ్ల ముంగట ఒక్కసారి విదిలిస్తరు, కదలకుంటే సరే, ఎగిరి వెనుకకు గుంజిందంటే 'దీనికి బెదురున్నదే' అని రేటు దించుతరు. అక్కడ నిలబడి 'ఈ ఎద్దు భయాందోళనకు లోనైంది' అంటే అంగడంత నవ్వుతది. గొర్ల మంద గూడ అంతే, తోడేలు వచ్చిందంటే బెదిరి చెదిరిపోతది.

మనుషులకైతే ఇంకా శాన మాటలున్నయి. పోరడు రాత్రి నిద్రల ఉలిక్కిపడి ఏడిస్తే దడుసుకున్నడు అంటరు, జరమొస్తే దడుపు జరమని మసీదు కాడికి తీస్కపోయి ఊదిపిచ్చుకొస్తరు. బిడ్డ పట్నం పోయి ఫోన్ ఎత్తకపోతే తల్లికి అయ్యేది బుగులు, అండ్ల వెనుకకు జరుగుడు ఉండదు, పొద్దంత కడుపుల పిసుకుతనే ఉంటది. పెద్దసారు ముంగట నోరు లేవకపోతే జంకు. వెనుకంజ మాత్రం ఎలక్షన్ కౌంటింగ్ పాలైంది, అంజ అంటే అడుగే, మీరు ఓట్లు తక్కువొచ్చినోడికి పెడ్తరు, వాడు భయపడ్డడో లేదో ఎవరికెరుక (తప్పని అంటలేను, మంచిగనే అతికింది).

నాకు నవ్వొచ్చేది ఏందంటే మీ పేపర్ల 'బెదిరింపులు' లేని రోజు ఉండదు. బెదురు నుంచే కదా బెదిరించుడు పుట్టింది, బెదిరిచ్చెటోడు రోజూ అచ్చయితడు, బెదిరినోడే కనబడడు. లీడర్లు 'తాటాకు చప్పుళ్లకు బెదరం' అన్నప్పుడే ఆ మాట మీ దాంట్ల పడ్తది, కుందేలు సామెత పుణ్యాన బతికింది. అదరక బెదరక అని జంటగ అంటం గని అవి రెండూ ఒకటి గాదు, అదురుడంటే ఉన్నకాడనే వణుకుడు, కన్నదురుతది చూడుండ్రి, బెదురుడంటే జాగ విడుసుడు.

ఇది యాస గొడవ గాదు సార్, బెదురు కోస్తాల గూడ ఉన్న మాటనే. 1922లనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక ఎల్లింది, 1926ల పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక తెచ్చిండు, ఇక్కడ పేపర్ చదివెటోళ్లు నిన్న మొన్న పుట్టినోళ్లు గాదు, ఎడ్లు బెదిరినయి అని రాస్తే అందరికి అర్థమైతది, హెడ్డింగ్‌ల జాగ గూడ మిగుల్తది.

ఇంకోటి, మనుషుల వార్తలల్ల ఆ 'భయభ్రాంతులు' వాడక తప్పదనుకుంటే రెండో భకు గూడ ఒత్తు పెట్టుండ్రి, సగం సార్లు 'భయబ్రాంతులు' అనే పడ్తుంది.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా