కర్రు కాల్చి వాత పెడతారు సరే, కర్రు అంటే ఏంటో పిల్లలకి ఎవరు చెప్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎలక్షన్లు వచ్చాయంటే చాలు, "ప్రజలు కర్రు కాల్చి వాత పెడతారు" అని ఎవరో ఒక నాయకుడు అన్న మాట మీ పేపర్లో హెడ్డింగ్ అయి కూర్చుంటది. మొన్న ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి అది చూసి, నాన్నా ఇక్కడ అచ్చు తప్పు పడింది, కర్ర అని ఉండాలి కదా అంది. మనసు చివుక్కుమంది నాకు. పిల్ల తప్పేముంది, చూసుంటే కదా తెలిసేది. పెద్దోళ్ళు కూడా వాట్సాప్‌లో "కర్ర కాల్చి" అనే కొడుతున్నారు. కర్ర కాలిస్తే బొగ్గవుద్దండీ, వాత ఎక్కడ పడుద్ది? ఇనుమైతే ఎర్రగా కాలి ఆ వేడిని పట్టుకునుంటది, అంటిచ్చిన చోట మచ్చ జన్మలో పోదు, ఆ మాటలో ఉన్న కసంతా ఆ ఇనుములోనే ఉంది.

కర్రు అంటే నాగలి కొసకి బిగించే ఇనప ముక్క, నేలని చీల్చేది అదే. వినుకొండ దగ్గర మా ఊళ్ళో ఏరువాక ముందు మా నాన్న దాన్ని ఊడదీసి గోనెపట్టాలో చుట్టుకుని కొలిమికి బయల్దేరితే వెనకాలే నేను. తిత్తి ఊదే పని నాది. బొగ్గుల్లో కర్రు ఎర్రబారాక కమ్మరి తాత పటకారుతో తీసి దాగలి అనే ఇనప దిమ్మ మీద పెట్టేవాడు, వాళ్ళబ్బాయి సమ్మెటతో ఒక్కో దెబ్బ వేస్తుంటే అరిగిపోయిన మొన మళ్ళీ సాగేది, నీళ్ళ తొట్లో ముంచగానే చుయ్‌మని ఆవిరి లేచేది. అప్పటికప్పుడు డబ్బులేం ఉండవు, నూర్పిళ్ళయ్యాక కళ్ళంలోనే మేర, అంటే ఆ పనికిచ్చే ధాన్యం, కొలిచేవాళ్ళు. ఇప్పుడు దుక్కంతా ట్రాక్టరే, ఆ కొలిమి ఉన్నచోట సిమెంటు రోడ్డు పడింది. ట్రాక్టర్ వద్దని నేననట్లేదు, మా నాన్న నడుము నొప్పి నాకు తెలుసు. కానీ వస్తువు పోయి మాట మాత్రం మిగిలిపోయింది. ఎడ్ల మెడ మీద పెట్టే కాడి కూడా అంతే, "కాడి వదిలేశాడు" అని రోజూ రాస్తారు, కాడి ఎత్తినోళ్ళు ఎంతమంది ఉన్నారు ఇప్పుడు?

ఈ మాటలు పోతాయని ముందే తెలిసినోళ్ళున్నారు. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది, అది మొత్తం వ్యవసాయం మాటలే, ఊళ్ళు తిరిగి రైతుల నోటి నుంచి రాసుకున్నవి. అది మా పిల్లల స్కూల్ లైబ్రరీలో లేదు, అడిగా.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒకటే. ఆదివారం పిల్లల పేజీలో వారానికి ఒక పనిముట్టు బొమ్మ వేసి, దాన్ని ఏ జిల్లాలో ఏమంటారో రాయండి, కోస్తాలో నాగలి అంటే సీమలో మడక అంటారు కదా, అట్లా. చెప్పగలిగిన కమ్మరోళ్ళు, ముసలి రైతులు ఇంకా ఉన్నారు, మీ విలేకరులు ప్రతి మండలంలో ఉన్నారు.

మొదటి వారానికి మా అటక మీదున్న కర్రు ఫొటో పంపిస్తా. మొన్ననే తుప్పు గీకి మా అమ్మాయి చేతిలో పెట్టా, ఇంత బరువుంటదా అని దాని కింద రెండో చెయ్యి కూడా పెట్టింది.

ఇట్లు,
ఒక రైతు కొడుకు, పల్నాడు జిల్లా