ఊళ్లో చేసిన సర్వే ఊరి ముందు చదవాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలు అయిపోగానే మన ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఊళ్ల బాట పడతారు. 2020-21లో పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు ఉన్నత విద్యామండలి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. 180 గంటల పని, 4 క్రెడిట్లు. ఇంటింటి సర్వే చేయాలి, ఊళ్లో ఉన్న ఒక సమస్య పట్టుకుని జనానికి అవగాహన కల్పించాలి, లాగ్ బుక్ రాయాలి, చివర్లో నివేదిక ఇవ్వాలి. ఇంత మంచి ఆలోచన చాలాచోట్ల జిరాక్స్ షాపులోనే ముగిసిపోతోంది. పోయినేటి సీనియర్ నివేదిక తెచ్చుకుని, ఊరి పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ వేయించి ఇచ్చేస్తున్నారు. సంతకాలూ పడిపోతున్నాయి.

దీనివల్ల ఊరికి నష్టమని అందరూ అంటారు. నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగినవాణ్ని. అంతకంటే పెద్ద నష్టం ఆ పిల్లలకే అని నా నమ్మకం.

మా కనిగిరి ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్లు లేరు. తాగే నీటిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని మా విద్యార్థులు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఒకసారి ఓ కుర్రాడు బోరు దగ్గర కూర్చుని జిర్కోనియం-అలిజరిన్ ద్రావణంతో పరీక్ష చేస్తున్నాడు. ఎరుపు కాస్తా వెలిసి పసుపులోకి తిరిగింది. అంటే ఫ్లోరైడ్ ఎక్కువే. చుట్టూ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె, ‘ఈ నీళ్లు తాగొచ్చా అబ్బాయ్?’ అంది. ‘వద్దమ్మా’ అన్నాడు. ‘కాచుకుని తాగితేనో?’ అంది మరొకామె. కాసేపు ఆలోచించి, ‘కాచితే నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఫ్లోరైడ్ పోదమ్మా. మిగిలిన నీళ్లల్లో ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకీ కుళాయి నీళ్లు పట్టుకోండి, ఇవి గిన్నెలకీ బట్టలకీ వాడుకోండి’ అని చెప్పాడు. పరీక్షలో పది మార్కుల జవాబు అంత సూటిగా రాసినవాణ్ని నేను చూడలేదు.

అక్కడితో అయిపోలేదు. నడుం వంగిపోయిన ఒక పెద్దాయన, ‘కుళాయి నీళ్లు రోజూ వస్తే గదా నాయనా’ అన్నాడు. దానికి కెమిస్ట్రీలో జవాబు లేదు. ట్యాంకు ఎవరి అజమాయిషీలో ఉంది, నీళ్లు వదిలేది ఎవరు, అర్జీ ఎవరికి ఇవ్వాలి అని పిల్లలు పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగి తెలుసుకున్నారు. అర్జీ రాయడం వాళ్లలో ఎవరికీ అదివరకు రాదు. ఆ రోజు వచ్చింది.

ఇంకో వీధిలో సర్వే ఫారం నింపుతున్న అమ్మాయి మరుగుదొడ్డి ఉందా అన్న గడిలో ‘ఉంది’ అని టిక్ పెట్టి, ఎందుకో అనుమానం వచ్చి తలుపు తీయించింది. లోపల గోడ ఎత్తున పిడకలు, పొయ్యి కట్టెలు. ఏ కార్యాలయానికి వెళ్లినా అంకెలు కాగితాల మీద ఎలా తయారవుతాయో ఆ పిల్ల ఇక మర్చిపోదు. రేపు ఉద్యోగంలో చేరాక ఇలాంటి తలుపులు తీయించి చూసే అధికారి మనకు కావాలి.

‘చదువుకోమని పంపితే ఊళ్లు తిప్పుతారేంటి?’ అనే తల్లిదండ్రులకు ఒక మాట. ఇది కొత్త ముచ్చట కాదు. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యాశాఖ మంత్రి వీకేఆర్వీ రావు 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. మనమంతా ఎన్ఎస్ఎస్ అంటున్నది దాన్నే. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. అయితే ఎన్ఎస్ఎస్‌లో ఇష్టపడి వచ్చేవాళ్లే చేరతారు. పెద్దవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడటానికే బిడియపడే పిల్లలు దాని జోలికి రారు, నిజానికి వాళ్లకే ఇది ఎక్కువ అవసరం. ఈ ప్రాజెక్టు వాళ్లనీ గడప దాటిస్తుంది కాబట్టే నేను దీన్ని గట్టిగా సమర్థిస్తున్నాను. దీన్ని ఎత్తేయాలనే వాళ్లతో నేను ఏకీభవించను.

మరి జిరాక్స్ నివేదికలకు మందేమిటి? విద్యార్థులు తేల్చిన విషయాలను అదే ఊరి గ్రామసభలో వాళ్ల చేతే చదివించాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టగలిగిన ప్రభుత్వానికి, ఒక్కో సభలో అరగంట విద్యార్థులకు ఇవ్వడం కష్టం కాదు. వేరే ఊరి లెక్కలు తెచ్చి చదివితే ‘మా ఊళ్లో ఆ వీధే లేదు గదా’ అని ముందు వరసలోని అవ్వే పట్టేస్తుంది. మార్కుల్లో సగం ఆ రోజు చదివినదానికీ, జనం అడిగినవాటికి చెప్పిన సమాధానాలకీ ఉండాలి.

ఏటా కొత్త ఊరికి పోకుండా ఒక కళాశాల కొన్నేళ్లు ఒకే ఊరిని పట్టుకుంటే, పోయినేడు ఇచ్చిన అర్జీ ఏమైందని అడగడానికీ వీలుంటుంది. ఇక బస్సు ఛార్జీలు. పేద పిల్లలు రోజూ ఊళ్లకు వెళ్లి రావడానికి చేతి డబ్బులు పెట్టుకోలేక కూడా నకలు నివేదికల వైపు పోతున్నారు. ఆ ఖర్చు కళాశాలలే భరించాలి. వచ్చే వేసవి సెలవులకు ముందే ఉన్నత విద్యామండలి, పంచాయతీరాజ్ శాఖ కలిసి ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు, కనిగిరి