గల్లాపెట్టె దగ్గరి మనిషికి మాట చెల్లాలి

సంపాదకుడు గారికి,

కుటుంబ వ్యాపారాల్లో మహిళలు ముందుకు రావాలనీ, కొనుగోలుదారుల సంతృప్తే తమకు ప్రాణమనీ నగర వర్తకులు చెప్పిన మాటలను పోయిన వారం మీ పత్రికలో చదివాను. ఆ రెంటికీ ఉన్న సంబంధాన్ని మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు కనుక, నాలుగు రోజులు ఓపిక పట్టి, ఇక పట్టలేక ఈ లేఖ రాస్తున్నాను.

సంక్రాంతికి ముందు పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక బట్టల కొట్టులో మా అమ్మాయికి చీర కొన్నాను. ఇంటికొచ్చి మడత విప్పితే కుచ్చిళ్ల దగ్గర జానెడు మేర నేత పోయి ఉంది. మర్నాడే గాజువాక నుంచి బస్సెక్కి వెళ్లాను. గల్లాపెట్టె దగ్గరున్న ఆ ఇంటి కోడలు బిల్లు చూసి, చీర చూసి, "తప్పు మాదేనండీ, మార్చి ఇవ్వాల్సిందే" అంది. కానీ మార్చే అధికారం ఆమెకు లేదు, మావయ్యగారు రావాలి. ఆయన ఆ రోజు రాలేదు. రెండోసారి వెళ్తే భోజనానికి వెళ్లారు. మూడోసారి దొరికి, బిల్లు వెనక అచ్చేసిన "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న వాక్యాన్ని వేలితో చూపించారు. కోడలు తల దించుకుని చీరలు మడత పెడుతూ ఉండిపోయింది. పదిహేనేళ్లుగా నేను ఆ కొట్టుకు వెళ్తున్నది ఆమె కోసమే. ఏ రంగు ఉతికితే దిగుతుందో దాచకుండా చెప్పే మనిషి ఆమె.

లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఏటా డిసెంబరు 24న వినియోగదారుల దినోత్సవ సభలు జరిపే అధికారులు, ఒక్క పూట మార్కెట్లో తిరిగి బిల్లుల వెనక ఏముందో ఎందుకు చదవరు?

కాగితాల మీద మహిళలకు లోటు లేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. 2016లో మొదలై 2025 మార్చి దాకా నడిచిన స్టాండప్ ఇండియా పథకంలో కొత్త వ్యాపారం పెట్టే మహిళలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం ఉండేది. సంస్థ పేరిట తీసుకుంటే కనీసం 51 శాతం వాటా, అదుపు మహిళల చేతిలో ఉండాలన్న నిబంధన ఉండేది. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. భార్య పేరిట దరఖాస్తు పెట్టి, సరుకు నిల్వ ఎంతుందని ఆమెను అడిగితే తామే జవాబు చెప్పే భర్తలను ఎందరినో చూశాను. మేమూ సంతకం సరిపోల్చుకుని లేచి వచ్చేసేవాళ్లం. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వేదికల మీద ప్రతాప్ సి. రెడ్డి గారు నలుగురు కుమార్తెలనూ అపోలో నాయకత్వంలోకి తెచ్చిన సంగతి చెబుతారు. గొప్ప విషయమే. మా అక్కయ్య ఉండే అక్కయ్యపాలెంలో తండ్రి తర్వాత కూతురు నడుపుతున్న చెప్పుల కొట్టు కూడా నాకు అంతే గొప్పగా కనిపిస్తుంది. కుట్టు ఊడిన జతను ఆ అమ్మాయి ఎవరినీ అడగకుండా ఐదు నిమిషాల్లో మార్చి ఇచ్చింది. వర్తక సంఘాలకు నిజంగా పట్టింపు ఉంటే, సరుకు మార్చాలా వద్దా అన్న నిర్ణయాన్ని గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆడవాళ్లకే వదలాలని తమ సభ్యులకు చెప్పాలి.

నా బిల్లుకు 30 రోజులు ఇంకా నిండలేదు. వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కు ఫోన్ చేయమని మా అమ్మాయి పోరుతోంది. బిల్లు మీద యజమానిగా అచ్చయి ఉన్నది ఆ కోడలి పేరే కావడంతో ఇంకా చేయలేకపోయాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గాజువాక, విశాఖపట్నం.