కపిలను అమ్మే ముందు

చిరంజీవి రఘుకు, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మలక్‌పేటలో రోడ్డు మళ్లీ తవ్వారు. అమ్మ మోకాళ్లకు డాక్టర్ మాత్రలు మార్చాడు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, పనిలో ఉన్నావనుకున్నాం. నార్సింగి సంతలో బేరగాడితో మాట్లాడుతుంటే చూశానని మొన్న శ్రీను అన్నాడు. మన ఆవు కపిల గొడ్డుపోయిందని అమ్మేస్తున్నావట. నేను నమ్మలేదులే.

దసరాకు శంకర్‌పల్లి వచ్చినప్పుడు దాని పక్కటెముకలు గేటు దగ్గర నుంచే కనిపించాయి. ఈనే నాటికి ఒంటి స్కోరు, అంటే ఒంట్లో కండ, కొవ్వు ఎంతుందో చూసి వేసే మార్కు, ఐదుకు 3 నుంచి 3.5 ఉండాలి. ఈనాక 6, 8 వారాలకల్లా పాలు గరిష్ఠానికి చేరతాయి, తిండి మాత్రం అంత త్వరగా పెరగదు. ఆ లోటు ఒంట్లో కొవ్వు కరిగి పూడుతుంది. మరీ కరిగితే ఎదకు రాదు. వచ్చినా మూగ ఎద, బయటికి గుర్తులు కనిపించవు. చూలు కోసం సూది వేయించినా నిలవక, 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. ఉత్త వరిగడ్డితో పాలావు నిలబడదురా. అలాగని దాణా కుమ్మరించకు, బాగా బలిసిన చూడావు ఈనడానికి కష్టపడుతుంది, ఈనాక మేత ముట్టదు.

తాత ఎర్రావు సంగతి చెప్పానా? నువ్వప్పుడు ఊయల్లో ఉన్నావు. ఈనాక ఎన్నాళ్లకూ ఎదకు రాకపోతే వీధంతా గొడ్డుమోతని తేల్చింది. పంతులు దిష్టన్నాడు, బాబాయి అమ్మేద్దామన్నాడు. తాత మొండి. పశువుల డాక్టర్ చెయ్యి పెట్టి చూసి, గర్భసంచిలో తప్పేం లేదు, కడుపు నింపండి అన్నాడు. నట్టల మందు తాగించారు. పూతకొచ్చిన పచ్చజొన్న, పల్లీ చెక్క, ఖనిజ లవణాలు పెట్టారు. లేత జొన్న వెయ్యకు, విషం. సంక్రాంతి దాటాక ఒకరోజు తెల్లారకముందే అరుస్తూ తాడు తెంపుకుంది. తాత చొక్కా కూడా వేసుకోకుండా డాక్టరింటికి పరిగెత్తాడు. పొద్దున ఎద చూస్తే సాయంత్రం సూది, ఇంటికెళ్లి కాఫీ తాగమని ఆయన నవ్వాడు. ఆ సూదికే చూలు నిలిచింది.

సలహాలివ్వనని అమ్మకు మాటిచ్చాను. అయినా రోజూ 50 గ్రాముల మినరల్ మిక్చర్, అదే ఆ ఖనిజ లవణాల పొడి, వెయ్యి. అమ్మేలోపు ఒక్కసారి డాక్టర్‌తో చూపించు. డబ్బుకే ఇబ్బందైతే ఆ మాట చెప్పు, ఆవు మీద పెట్టకు.

శ్రీనుతో మిక్చర్ సంచి పంపుతున్నా, తడి తగలనీకు. అందులోనే నీ స్వెటర్ ఉంది, పాలు పితికేటప్పుడు వేసుకో.

మీ నాన్న