పాత సర్వీస్ టాక్స్ ఆర్డర్ గురించి మేం కట్టిచ్చిన ఇళ్ళ ఓనర్లందరికీ

అన్నలకి, అక్కలకి నమస్కారం. మాకేదో సర్వీస్ టాక్స్ ఆర్డర్ వచ్చిందని వేదాయపాళెం సైట్ దగ్గర ఎవరో అన్నారంట, అప్పట్నించి ఫోన్లు వస్తానే ఉండాయి, ఆ డబ్బు మీరు మళ్ళీ మా ఓనర్ల దగ్గర వసూలు చేస్తారా అని. ముందు ఆ మాట చెప్తా. ఎవర్నీ ఒక్క రూపాయి అడగం. కేసు ఓడిపోయినా అడగం, అగ్రిమెంట్ లో రాసుకున్న రేటే రేటు.

విషయం ఏందంటే ఇది 2015-16 పనులది, జీఎస్టీ రాకముందుది. ఆ సంవత్సరం మా ఇన్కమ్ టాక్స్ రిటర్న్ లో కనిపించిన మొత్తం తీసుకుని, దీనికి సర్వీస్ టాక్స్ కట్టలేదని 2021 ఏప్రిల్ లో టాక్స్ డిపార్ట్మెంట్ వాళ్ళు నోటీసు ఇచ్చారు, ఇప్పుడు టాక్సూ వడ్డీ, టాక్స్ ఎంతో అంత పెనాల్టీ కూడా కట్టమని ఆర్డర్. ఆ డబ్బు ఏ పనికి వచ్చిందో చూడనే లేదు. మేం కట్టినవన్నీ విడి ఇళ్ళే కదా. కాంప్లెక్స్ లో భాగం కాకుండా ఒక కుటుంబం ఉండేదానికి కొత్తగా కట్టే ఇంటికి 2012 నాటి 25వ నంబర్ సర్వీస్ టాక్స్ నోటిఫికేషన్ లోనే మినహాయింపు ఉంది. రిపేర్లకి అది వర్తించదు, నిజమే, కానీ మా రిపేర్ పనులు ఆ ఏడూ అంతకుముందు ఏడూ 10 లక్షల లోపే, అంటే చిన్న వ్యాపారాలకి టాక్స్ లేకుండా ఇచ్చిన లిమిట్ లోనే.

నాకు అసలు మింగుడు పడంది టైము సంగతి. మామూలుగా డిమాండ్ నోటీసుకి గడువు 18 నెలలు ఉండేది, 2016 మే నుంచి 30 నెలలు చేశారు, ఎట్లా లెక్కేసినా 2015-16 కి 2018 లోనే అయిపోయింది. ఐదేళ్ళు వెనక్కి పోవాలంటే మోసమో, టాక్స్ ఎగ్గొట్టాలని కావాలని దాచడమో చూపించాలి. ఇద్దరికీ తెలిసిన విషయంలో ఒకరు చేయగలిగింది చేయలేదని దాన్ని దాచడం అనకూడదని సుప్రీంకోర్టు 1995 లోనే పుష్పం ఫార్మాస్యూటికల్స్ కేసులో చెప్పింది. మేం గవర్నమెంట్ కి ఇచ్చిన రిటర్న్ లోంచే లెక్క తీసి, మీరు దాచారు అంటే ఎట్లా ఒప్పుకుంటాం? ఇన్కమ్ టాక్స్ లెక్కకీ సర్వీస్ టాక్స్ లెక్కకీ తేడా ఉందని కళ్ళు మూసుకుని నోటీసులు ఇవ్వొద్దని, ఇచ్చినచోట జవాబు చదివి వాస్తవాలు చూసి తేల్చమని 2021 అక్టోబర్ లో ఆ డిపార్ట్మెంట్ పైనున్న బోర్డే వాళ్ళకి రాసింది.

అందుకే కమిషనర్ (అప్పీల్స్) దగ్గర అప్పీల్ కి పోతా ఉండాం. ఆర్డర్ అందిన రెండు నెలల్లో వేయాలి, టాక్స్ లో 7.5 శాతం ముందే కట్టాలి, అక్కడ కాకపోతే ఇట్లాంటి టాక్స్ కేసులు వినే హైదరాబాద్ ట్రిబ్యునల్. గెలుస్తామని గట్టిగా చెప్పలేను, న్యాయం మా వైపు ఉందని మాత్రం నమ్ముతా ఉండా. ఆ డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది కాబట్టి పొదలకూరు రోడ్డు కొత్త సైట్ ఇప్పుడు మొదలుపెట్టం, దానికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు వాపసు కావాలంటే అడగండి, ఇచ్చేస్తాం, మొహమాటం వద్దు. నడస్తా ఉన్న ఇళ్ళు మాత్రం ఆగవు, మేస్త్రీలకి కూలి, సిమెంట్, కమ్మీ డబ్బు వేరే అకౌంట్ లో పెట్టాం.

2015-16 లో కట్టించుకున్నవాళ్ళకి ఒక్క రిక్వెస్ట్. అగ్రిమెంట్లు మా దగ్గర ఉండాయి, మున్సిపాలిటీ అప్రూవ్ చేసిన ప్లాన్ మాత్రం మీ పేరు మీద మీ దగ్గరే ఉంటుంది. అది విడి ఇల్లని చూపించడానికి ప్లాన్ కాపీ, ఇంటి పన్ను రసీదు ఫోటో తీసి ఈ నెలాఖరు లోపల మా ఆఫీసు వాట్సాప్ కి పంపండి, కుదరకపోతే చెప్పండి, మా పిల్లోడు ఇంటికొచ్చి జిరాక్స్ తీసుకుని ఒరిజినల్ మళ్ళీ మీ చేతికి ఇచ్చి వస్తాడు.