విపత్తు పరిశోధనకు నిధులేవి?

సంపాదకులు గారికి,

వరదో భూకంపమో వచ్చాక ప్రభుత్వాలు సాయానికి వందల కోట్లు ప్రకటిస్తాయి. ఇవ్వాల్సిందే, కాదనను. కానీ ప్రాణాలు ముందే కాపాడే పరిశోధన దగ్గరికి వచ్చేసరికి చేతులు ముడుచుకుంటాయి.

2011 మార్చి 11న జపాన్ భూకంపంలో ప్రయాణికులతో పరుగెడుతున్న ఒక్క బుల్లెట్ రైలూ పట్టాలు తప్పలేదు. భూమి కంపించేటప్పుడు మొదట చిన్న తరంగం వస్తుంది, విధ్వంసం చేసేది దాని వెనక వస్తుంది. తీరంలోని సెన్సర్లు ప్రకంపనను ముందే పసిగట్టి కరెంటు ఆపేశాయి, బ్రేకులు వాటంతటవే పడ్డాయి. ఆ కొద్ది సెకన్ల వెనక దశాబ్దాల ప్రభుత్వ పరిశోధన ఉంది.

ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 తుపానుకు సుమారు 3 లక్షల మంది చనిపోయారు. 2007 నాటి సిద్ర్ తుపానులో మృతులు దాదాపు 3,400. అదీ ఘోరమే. కానీ హెచ్చరికలు, వాలంటీర్లు, షెల్టర్లు ఎంత మార్పు తెచ్చాయో చూడండి.

యూరోపియన్ యూనియన్ 2021-27 పరిశోధన పథకంలో, విపత్తులూ కలిసిన పౌర భద్రతకు ప్రత్యేక విభాగమే పెట్టి, సుమారు 160 కోట్ల యూరోలు ఇచ్చింది. మొత్తం 9,550 కోట్లలో అదీ చిన్న వాటాయే.

యంత్రాల మీదే కాదు, మనుషుల మీదా పరిశోధన జరగాలి. అర్ధరాత్రి ఫోన్ కుయ్యిమంటుంది. "అప్రమత్తంగా ఉండండి" అని మెసేజ్. ఎటు వెళ్లాలి? మంచంలో ఉన్న ముసలాయన్ని ఎవరు మోయాలి? ఆ టెన్షన్‌లో మనిషికి అర్థమయ్యే మాట ఏదో పరీక్షించి తేల్చాలి. అందుకు ఏటా ఆగకుండా అందే నిధి కావాలి. బడ్జెట్‌లో దానికి విడిగా ఒక పద్దు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు